భగవంతం గారిని సాక్షి బోనులోంచి దింపండి

"అంతటి సైంటిస్టే నమ్మాడు. నువ్వెంత, నీ బీటెక్ ఎంత?"

బాబాలు, మహిమల గురించి తెలుగువాళ్ళ మధ్య వాదన మొదలైతే ఎక్కడో ఓ చోట ఈ వాక్యం వచ్చి పడుతుంది. ఇక అంతే. అప్పటిదాకా మాట్లాడినవాడు నోరు మూసుకోవాలి, లేదా పెద్దవాళ్ళంటే గౌరవం లేనివాడనిపించుకోవాలి. ఆ "అంతటి సైంటిస్టు" ఎవరని అడిగితే, కాస్త పాత తరం వాళ్ళయితే చాలాసార్లు చెప్పే పేరు ఒకటే. సూరి భగవంతం గారు.

సరే, ఆయన ఏం కనిపెట్టారో చెప్పండి అని అడిగి చూడండి. నేను అడిగి చూశాను. "రామన్ దగ్గర పనిచేశారు", "ఉస్మానియా వైస్ ఛాన్స్‌లర్", "డిఫెన్సులో పెద్ద పోస్టు" అంటారు. అన్నీ నిజమే. కానీ ఇవన్నీ ఆయన కూర్చున్న కుర్చీలు. ఆయన చేసిన పని ఏదీ? ఆ పని ఏమిటో తెలియకుండానే ఆయన్ని సాక్షిగా పిలుస్తున్నాం. నా గొడవంతా ఇదే.

ముందుగా ఆయన ఎవరో తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివారు. 1928లో, అంటే రామన్ ఎఫెక్ట్ బయటపడ్డ ఏడాదే, కలకత్తా వెళ్ళి రామన్ దగ్గర పరిశోధనకి చేరారు. 1931లో రామన్, భగవంతం ఇద్దరి పేర్లతో ఒక పరిశోధన వచ్చింది. అణువుల మీద పడి చెదిరిన కాంతి ధ్రువణం ఎంత మారిందో కొలిచి, దాన్నిబట్టి ఫోటాన్‌కి స్పిన్ అనే గుణం ఉందని వాదించారు. అప్పటికి ఈయన వయసు 22. తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1952 నుంచి 57 దాకా ఉస్మానియా వైస్ ఛాన్స్‌లర్, 1957 నుంచి 62 దాకా బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్, 1961 నుంచి 69 దాకా రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. 1989లో పోయారు.

ఈయన సత్యసాయిబాబా భక్తులు. బాబా తెలుగు ప్రసంగాలను వేదిక మీదే నిలబడి ఇంగ్లీషులోకి అనువదించేవారు. అది ఆయన ఇష్టం. ఒక మనిషి ఎవరికి దణ్ణం పెట్టుకుంటాడన్నది నా లెక్కలోకి రాదు, మీ లెక్కలోకీ రాకూడదు. ఈ పోస్టు సాయిభక్తుల మీద కాదు. "ఆయన నమ్మాడు కాబట్టి నిజం" అనే ఆ "కాబట్టి" మీద.

అయితే ఎదుటి పార్టీ ఏమన్నా తక్కువ తిన్నదా అంటే, అదీ లేదు. మన హేతువాద మిత్రులు కూడా ఇదే పేరుని ఇదే విధంగా వాడతారు. "చూశారా, అంత చదివి ఇదేం పని? సిగ్గుచేటు!" అని. ఒకరు ఆయన్ని సర్టిఫికెట్‌గా గోడకి తగిలిస్తే, ఇంకొకరు దిష్టిబొమ్మగా గుమ్మానికి కడతారు. ఇద్దరిలో ఎవరూ ఆయన రాసిన ఒక్క పేజీ తిరగేసిన పాపాన పోలేదు. ఇద్దరి వాదనకీ పునాది ఒకటే: పెద్ద సైంటిస్టు అయితే అన్ని విషయాల్లోనూ పెద్దే అయి ఉండాలి. ఈ పునాదే తప్పు. తప్పని ఎవరో చెప్పక్కర్లేదు, భగవంతం గారి పనే చెప్తుంది.

ఎలాగో చూద్దాం. కాస్త ఓపిక పట్టండి, లెక్కలేం ఉండవు.

పారదర్శకంగా ఉండే ఒక స్ఫటికాన్ని తీసుకుని ఒక వైపు నుంచి నొక్కితే, అందులోంచి వెళ్ళే కాంతి ప్రవర్తన మారుతుంది. ఒక్కో దిశలో ఒక్కోలా మారుతుంది. ఆ మార్పుని పూర్తిగా చెప్పడానికి కొన్ని స్థిరాంకాలు కావాలి. ఎన్ని కావాలి? అది స్ఫటికం సౌష్ఠవాన్ని బట్టి ఉంటుంది. స్ఫటికాలు మొత్తం 32 తరగతులు. ఏ తరగతికి ఎన్ని స్థిరాంకాలో 19వ శతాబ్దం చివర్లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ పోకెల్స్ లెక్క తేల్చేశాడు. ఈ రంగానికి ఆయన్ని మూలపురుషుడు అనొచ్చు. ఆయన పట్టికే అందరికీ ప్రమాణం. ఘనాకార వ్యవస్థకి చెందిన ఐదు తరగతులకీ మూడేసి చాలన్నాడు.

ఆ పట్టిక యాభై ఏళ్ళు నిలబడింది. 1942లో వాల్తేరులో కూర్చుని భగవంతం గారు గ్రూప్ థియరీ అనే గణితంతో మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టారు. కొన్ని తరగతుల్లో పోకెల్స్ లెక్క కుదరలేదు. ఆ ఐదు ఘన తరగతుల్లోనే రెండింటికి మూడు చాలవు, నాలుగు కావాలి. కారణం వింటే ఇంత చిన్న విషయమా అనిపిస్తుంది. ఆ రెండు తరగతుల్లో స్ఫటికాన్ని తిప్పి మొదటి అక్షాన్ని రెండోదాని చోటికి, రెండోదాన్ని మూడోదాని చోటికి, మూడోదాన్ని మొదటిదాని చోటికి తీసుకురావచ్చు. కానీ మొదటిదాన్ని కదపకుండా మిగతా రెండింటినీ ఒకదాని చోటికి ఒకటి మార్చడం కుదరదు. కాబట్టి మొదటి అక్షం వెంట నొక్కితే మిగతా రెండు దిశల్లో కలిగే మార్పు ఒకేలా ఉండాలన్న నియమమేమీ లేదు. పోకెల్స్ ఉందనుకున్నాడు.

ఇక్కడ రెండు సంగతులు గమనించండి. ఒకటి, "పోకెల్స్ అంతటివాడు చెప్పాడు" అన్న మాట భగవంతం గారి దగ్గర చెల్లలేదు. రెండు, తన లెక్క సరిగ్గా వచ్చింది కదా అని ఆయన అక్కడితో ఆగలేదు కూడా. 1940ల చివర్లో డి. సూర్యనారాయణ గారితో కలిసి అలాంటి స్ఫటికాల్ని నిజంగానే నొక్కి, కొలిచి, ఆ రెండు విలువలూ వేరువేరని చూపించారు. అంటే తన మాటకి తానే ప్రమాణం అనుకోలేదు. ఇంత జాగ్రత్త పడ్డ మనిషి పేరుని "ఆయన చెప్పాడు, ఇక నోర్ముయ్" అనడానికి వాడుకోవడం ఆయన్ని గౌరవించడమా?

అన్నట్టు, ఆ రెండు తరగతుల్లో ఒకదానికి చెందిన పదార్థం మనందరి ఇళ్ళల్లో ఉంది. పటిక! మంగలి షాపులో గడ్డం గీశాక రుద్దేది, దిష్టి తగలకుండా గుమ్మానికి కట్టేది అదే. యాభై ఏళ్ళపాటు ప్రపంచమంతా ఒప్పుకున్న పట్టికని ఒక తెలుగు ప్రొఫెసరు సరిచేసింది ఈ బాపతు స్ఫటికాల విషయంలోనే. ఈ సంగతి మనకెవరూ చెప్పలేదు. గుమ్మానికి కట్టుకోవడం మాత్రం బాగా నేర్పారు.

ఇంకో ఉదాహరణ. 1939లో భగవంతం గారు, గణితంవైపు నుంచి వచ్చిన టి. వేంకటరాయుడు గారు కలిసి, స్ఫటికంలో అణువుల అమరిక తెలిస్తే దాని రామన్ వర్ణపటంలో ఎన్ని గీతలు రావాలో ముందుగానే చెప్పే పద్ధతి ఇచ్చారు. 1948లో ఇద్దరూ కలిసి గ్రూప్ థియరీ మీద పుస్తకం రాశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయమే వేసింది. తర్వాత విదేశాల్లో కూడా అచ్చయింది.

ఆ పద్ధతి ఎలా పనిచేస్తుందో సున్నపురాయిలో ఉండే కాల్సైట్‌తో చూద్దాం. మన రంగారెడ్డి, వికారాబాద్ వైపు పాత ఇళ్ళల్లో పరిచిన తాండూరు బండల్లో ఉండేది చాలామటుకు ఇదే. కాల్సైట్‌లో మళ్ళీ మళ్ళీ వచ్చే అతి చిన్న భాగంలో 10 పరమాణువులుంటాయి. ఒక్కోటీ మూడు దిశల్లో కదలగలదు, మొత్తం 30. అన్నీ కలిసి ఒకే వైపు జరిగే 3 తీసేస్తే 27 కంపనాలు. వీటిని సౌష్ఠవం ప్రకారం విడగొడితే, రామన్ వర్ణపటంలో కనిపించాల్సిన మొదటి శ్రేణి గీతలు సరిగ్గా 5. నాలుగు కాదు, ఆరు కాదు. వర్ణపటం తీసి చూస్తే ఆ ఐదూ ఉంటాయి.

ఇందులో నాకు నచ్చేది ఆ ఐదు అంకె కాదు, ఓడిపోవడానికి సిద్ధపడటం. ఆరోది కనబడితే స్ఫటికం అమరిక గురించి మనం అనుకున్నదైనా తప్పు, లెక్కయినా తప్పు అని ముందే ఒప్పుకుని ప్రయోగానికి దిగుతారు. మా భాషలో చెప్పాలంటే కోడ్ కంటే ముందు టెస్ట్ కేస్ రాసిపెట్టుకోవడం. మహిమల దగ్గర ఈ టెస్ట్ కేస్ ఎప్పుడూ ఉండదు. జరిగితే మహిమ, జరక్కపోతే నీకు భక్తి చాలలేదు. ఏ ఫలితం వచ్చినా పాసయ్యే టెస్టుని మా రంగంలో టెస్టు అనరు.

ఇప్పుడు ఆ వాచీ కథ దగ్గరికొద్దాం, ఎలాగూ ఎవరో ఒకరు ఎత్తుతారు కాబట్టి. సీకో వాచీల కంపెనీ అధిపతి తన దగ్గర భద్రంగా దాచుకున్న కొత్త వాచీని బాబా గాల్లోంచి తీసి ఆయన చేతికే ఇచ్చారని ఒక కథ ప్రచారంలో ఉండేది. దాన్ని చెప్పినవారిలో భగవంతం గారు ఒకరు. కేరళలో పుట్టి శ్రీలంకలో స్థిరపడ్డ హేతువాది ఏబ్రహాం కోవూర్ ఏం చేశాడంటే, జపాన్‌లో ఆ కంపెనీ అధిపతికే నేరుగా ఉత్తరం రాశాడు. అలాంటిదేమీ తనకి తెలియదని జవాబొచ్చినట్టు కోవూర్ రాశాడు. కోవూర్‌ని మీరు ఒప్పుకోండి, ఒప్పుకోకపోండి. కానీ పద్ధతి చూడండి. ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు గారి మాట కంటే ఒక పోస్టు కవరు ఎక్కువ పనిచేసింది. ఎందుకంటే అది సంబంధం ఉన్న మనిషినే అడిగింది. పోకెల్స్ పట్టిక విషయంలో భగవంతం గారు చేసిందీ ఇదే కదా? పుస్తకాన్ని కాదు, స్ఫటికాన్ని అడిగారు.

ఇక "ఫిజిక్స్ చదివినవాడే నమ్మాడు" అనేవాళ్ళకి ఒక ప్రశ్న. 1976లో బెంగళూరు విశ్వవిద్యాలయంలో మహిమల్ని పరీక్షించడానికి ఒక కమిటీ వేసిన వైస్ ఛాన్స్‌లర్ హెచ్. నరసింహయ్య ఏం చదివారో తెలుసా? ఆయనదీ ఫిజిక్సే. అమెరికాలో డాక్టరేట్ చేసి వచ్చారు. అందరూ చూస్తుండగా, షరతుల మధ్య మహిమ చూపించమని బాబాకి ఉత్తరాలు రాశారు, జవాబు రాలేదు. ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు, ఇద్దరూ వైస్ ఛాన్స్‌లర్లు, చెరో వైపు. ఇప్పుడు ఎవరి పదవి ఎక్కువో తూకం వేద్దామా? వేయలేం. పదవి తూకపు రాయి కాదు కాబట్టి.

స్వామి జ్ఞానానంద గారి పేరు కూడా ఇలాగే లాగుతారు. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టి, హిమాలయాల్లో తపస్సు చేసి, తర్వాత యూరప్ వెళ్ళి ప్రాగ్‌లో పరిశోధన చేసి, లివర్‌పూల్‌లో బీటా కిరణాల మీద పనిచేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగాన్ని నిలబెట్టినాయన. "చూశారా, యోగశక్తి!" అంటారు. అయ్యా, బీటా కిరణాలు కొలిచే పరికరానికి ఎదురుగా కూర్చున్నది కాషాయమా కోటా అన్నది తెలియదు. ఆయన రీడింగులు సరిగ్గా తీశారు, అందుకే డాక్టరేట్ ఇచ్చారు. ఆ కష్టాన్ని తపస్సు ఖాతాలో జమ చేయడం ఆయనకే అన్యాయం.

అభ్యంతరాలు వస్తాయని తెలుసు. నాకు గట్టివిగా అనిపించినవి రెండు.

మొదటిది: "నువ్వు మాత్రం కాల్సైట్ గీతలు కొలిచావా? నువ్వూ పుస్తకాన్ని నమ్మావు కదా. నీదీ నమ్మకమే." మంచి ప్రశ్న. అవును, నేను కొలవలేదు. డాక్టరు చెప్తే మందు మింగుతాను, ఫార్ములా అడగను. అన్నీ ఎవడూ సొంతంగా పరీక్షించలేడు. కానీ తేడా ఉంది. కాల్సైట్ గీతల్ని రామన్ స్పెక్ట్రోమీటర్ ఉన్న ఏ ల్యాబులోనైనా, ఏ మతంవాడైనా, భగవంతం గారంటే గిట్టనివాడైనా చూసుకోవచ్చు. నేను నమ్మేది ఆ తలుపు తెరిచి ఉందన్న సంగతిని. పైగా ఆయన మాటకి విలువ ఉన్నది ఆయన రోజూ కొలిచిన విషయాల్లో. స్ఫటికాల గురించి ఆయన చెప్తే చెవి ఒగ్గి వినాలి. గాల్లోంచి వచ్చే వాచీల విషయంలో ఆయన కళ్ళకీ మన కళ్ళకీ తేడా లేదు. పైగా స్ఫటికం మోసం చేయదు. మోసం చేసే అవకాశం ఉన్నచోట ఫిజిక్స్ ప్రొఫెసరు కంటే ఊళ్ళో గారడీ చేసేవాడు మంచి సాక్షి.

సొంత రంగంలోనే పెద్దవాళ్ళు పొరబడతారని కూడా గుర్తుంచుకోవాలి. నోబెల్ గ్రహీత రామన్ 1940ల్లో స్ఫటికాల కంపనాల మీద మాక్స్ బోర్న్‌తో పెద్ద గొడవే పడ్డారు. చివరికి నిలబడింది బోర్న్ సిద్ధాంతం. దానివల్ల రామన్ చిన్నవాడైపోలేదు, 1928 నాటి పని చెరిగిపోలేదు. మనిషి వేరు, మాట వేరు, మాటకి ఋజువు వేరు.

రెండో అభ్యంతరం: "పోయిన పెద్దాయన. ఇప్పుడెందుకు తవ్వడం?" ఎందుకంటే ఆ వాక్యం పోలేదు కాబట్టి. ఆ పేరు తెలియని ఈ తరం పిల్లలకి వేరే పేర్లతో అదే వాక్యం అందుతోంది. రాకెట్ ఎగరేసే ముందు ఇస్రో పెద్దలు నమూనా పట్టుకుని తిరుమల వెళ్తారు కాబట్టి... మృగశిర కార్తెకి చేప మందు కోసం నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చదువుకున్నవాళ్ళు కూడా లైన్లో నిలబడతారు కాబట్టి... ఇలాంటి "కాబట్టి"లు వాట్సాప్ నిండా ఉన్నాయి. ఇస్రో వాళ్ళ మొక్కు వాళ్ళ ఇష్టం. కానీ రాకెట్ ఫెయిలైనప్పుడు వాళ్ళు వేసే కమిటీ ఏం చూస్తుందో అడగండి. వాల్వులు, ఇంధనం, టెలిమెట్రీ డేటా చూస్తుంది. మొక్కు సరిగ్గా తీర్చారా లేదా అని చూడదు. చేప మందు విషయంలో అయితే పణంగా పెట్టేది చంటిపిల్లల ఉబ్బసం. అక్కడ "పెద్దపెద్దోళ్ళే వస్తారు" అన్నమాట మీద ఇన్‌హేలర్ పక్కన పడేస్తే ఊపిరాడక ఇబ్బంది పడేది ఆ పెద్దోళ్ళు కాదు.

మా కందుకూరు (కోస్తాలో ఉన్నది కాదండోయ్, శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి ఇటు పక్కన రంగారెడ్డి జిల్లాలో ఉన్నది) నుంచి శ్రీశైలం రోడ్డు మీద సిటీకి వెళ్తుంటే, తుక్కుగూడ దాటాక పహాడీషరీఫ్ వైపు రీసెర్చ్ సెంటర్ ఇమారత్ వస్తుంది. 1988లో మొదలైన క్షిపణి పరిశోధనా కేంద్రం. ఆ గోడల పక్కగా బస్సులో వెళ్ళే పిల్లలకి కలాం గారి పేరు తెలుసు, సంతోషం. కానీ ఆ సంస్థ అన్నగారు లాంటి రక్షణ పరిశోధనా ప్రయోగశాల 1960ల మొదట్లో హైదరాబాద్‌లో కాలూనినప్పుడు, మొత్తం రక్షణ పరిశోధనకి పెద్దగా ఉన్నది ఇదే నిజాం కాలేజీలో చదివిన భగవంతం గారని ఎంతమందికి తెలుసు? ఆ బస్సులో పిల్లాడికి మనం ఏం అందిస్తున్నాం? "సైంటిస్టు అంటే పెద్ద మనిషి, పెద్ద మనిషి చెప్తే నమ్మాలి" అని అందిస్తే, వాడు రేపు ఆ గోడల లోపలికి ఉద్యోగానికి వెళ్ళినా సీనియర్ చెప్పిన తప్పుడు లెక్క మీద సంతకం పెట్టి వస్తాడు. మా సాఫ్ట్‌వేర్లో అయితే అర్ధరాత్రి సర్వర్ పడిపోతుంది, పొద్దున్నే లేపుతాం. క్షిపణిని లేపలేం.

కాబట్టి నాదొక విన్నపం. ఆస్తికులు ఆయన పేరుని సర్టిఫికెట్‌గా వాడటం ఆపండి. నాస్తికులు ఆయన్ని చూసి నవ్వడం ఆపండి. విగ్రహాలూ వద్దు, జయంతికి దండలూ వద్దు. మన ఊళ్ళ హైస్కూళ్ళలో ఫిజిక్స్ చెప్పే సార్లు, మేడమ్‌లు ఒక పీరియడ్ కేటాయించండి చాలు. కిరాణా కొట్లో నాలుగు రూపాయల పటిక ముక్క కొని బల్ల మీద పెట్టండి. ఇలాంటి స్ఫటికాల గురించి యాభై ఏళ్ళు ప్రపంచం ఒక లెక్క నమ్మింది, ఆగిరిపల్లిలో పుట్టినాయన ఒకాయన మళ్ళీ లెక్కపెట్టి తప్పని చూపించాడు అని చెప్పండి.

ఆ తర్వాత ఎవడో ఒకడు చెయ్యెత్తి "మరి ఆయన లెక్క కరెక్టేనని మనకెలా తెలుసు సార్?" అని అడుగుతాడు. వాణ్ణి కూర్చోబెట్టకండి.